ఎడమ పక్కన బాతుల మంద

నేను బస్సు డ్రైవరుగా ఉద్యోగంలో చేరాను. బస్టాండు ఎంక్వయిరీ కౌంటర్లో కూర్చుని పదవీ విరమణ చేశాను. ఈ రెంటికీ మధ్య కొన్ని నెలలు, నేనెవరో నాకే అంతు చిక్కకుండా తిరిగాను. కొత్తగా చేరిన మా డిపో కుర్రాళ్ళు అప్పుడప్పుడు ఇంటికొచ్చి పాత కబుర్లు అడుగుతుంటారు. వాళ్ళకి కావలసినవి గోదావరి వరదల్లో బండి నడిపిన కబుర్లు, పుష్కరాల రద్దీ కబుర్లు. అవి చెప్పడం తేలికే. చేతులూపుతూ గంటసేపు చెప్పగలను. ఆ నెలల సంగతి మాత్రం ఇప్పటిదాకా ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. రేపు వాళ్ళలో ఎవరికైనా అలాంటి రోజు రావచ్చు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

డ్రైవరుగా నాకు గర్వం ఎక్కువే. దాచుకోను. రాజమండ్రి నుంచి కాకినాడ, ద్రాక్షారామం, నిడదవోలు వెళ్ళే దారుల్లో ఏ మలుపులో గేదెలు అడ్డం పడతాయో, ఏ ఊరి దగ్గర సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారో నాకు తెలుసు. నా చేతిలో ఎవరికీ చిన్న గీత పడలేదు. కొత్త డ్రైవర్లను మొదటి రోజుల్లో నా పక్కనే కూర్చోబెట్టేవారు. వాళ్ళందరూ నన్ను 'గురువుగారూ' అనేవారు. ఇంట్లో, వీధిలో, పెళ్ళిళ్ళలో నా పేరు ఎవరూ పలికేవారు కాదు. డ్రైవరుగారు అంటే నేనే. ఆ మాట వినీ వినీ, నేనంటే ఆ ఖాకీ చొక్కా, ఆ స్టీరింగే అనుకున్నాను. ఇంకేమైనా ఉందేమోనని వెతికే అవసరం రాలేదు.

వయసు మీదపడుతున్న డ్రైవర్లకు మా దగ్గర కంటి పరీక్షలు చేయిస్తారు. ప్రతిసారీ వెళ్ళడం, గోడ మీద అక్షరాలు చదవడం, సంతకం పెట్టి రావడం. ఆ ఏడాది కూడా కింద వరుస దాకా గడగడా చదివేశాను. కానీ ఆ డాక్టరుకి ఎందుకో అనుమానం వచ్చింది. కంటిలో ఒత్తిడి చూసి, లోపల లైటు వేసి చూసి, పక్క గదిలో ఉన్న యంత్రం దగ్గరికి పంపించాడు. అది పెద్ద గిన్నెలా ఉంటుంది. అందులో తల పెట్టి మధ్యలో ఉన్న చుక్కనే చూస్తుండాలి. చుట్టూ ఎక్కడైనా వెలుగు మెరిస్తే చేతిలో బటన్ నొక్కాలి. వెలుగు కనబడినప్పుడల్లా నొక్కాను. బాగానే చేశాననుకున్నాను.

"నీటికాసులండి, గ్లకోమా అంటారు. ఎడమ పక్క చూపు రెండు కళ్ళలోనూ బాగా దెబ్బతింది. ఎదురుగా ఉన్నవి కనబడతాయి కాబట్టి మీకు తెలియలేదు. ఇక బస్సు నడపకూడదు" అన్నాడు డాక్టరు.

"అక్షరాలన్నీ చదివాను కదండీ" అన్నాను.

"చదివారు. రోడ్డు మీద అక్షరాలు ఎదురుగా ఒక్కచోటే ఉండవు కదండీ" అన్నాడాయన.

నాకు ఆయన మీద కోపం వచ్చింది. నాకు అన్నీ కనబడుతున్నాయి. ఎక్కడా నలుపు లేదు, తెర లేదు. కనబడట్లేదని తెలియాలంటే ఏదో ఒకటి లేదని తెలియాలి కదా! నాకేమీ లోటు కనబడలేదు. ఆ యంత్రమే పాడై ఉంటుందనుకున్నాను. బయటకొచ్చి వీధిలో కళ్ళజోళ్ళ దుకాణంలో మళ్ళీ చూపించుకున్నాను. "చూపు భేషుగ్గా ఉందండి" అన్నాడతను. నాకు కావలసిన మాట దొరికింది. ఆసుపత్రిలో ఇచ్చిన కంటి చుక్కల మందు మూత తియ్యకుండా బీరువాలో పడేశాను.

నన్ను ఇంటికి పంపలేదు. మా సంస్థలో ఇలాంటివాళ్ళకి వేరే పని చూపిస్తారు. బస్టాండులో ఎంక్వయిరీ కౌంటరు, ఒక మైకు, ఒక కాలు విరిగిన కుర్చీ. అదీ నా కొత్త పోస్టింగు.

ఆ కౌంటర్లో అప్పటికే ఒకావిడ ఉండేది. పూర్వం కండక్టరు. బస్సు కుదుపుల్లో నడుం పాడై, నాకంటే చాలా ముందే అక్కడికి వచ్చింది. వీపు వెనక ఒక చిన్న దిండు పెట్టుకుని, డబ్బాలో జంతికలు నములుతూ, ఆవిడ మైకులో మాట్లాడుతుంటే బస్టాండు మొత్తం వాళ్ళింటి అరుగులా ఉండేది. "నిడదవోలు బండి బయలుదేరుతోందండి. టీ తాగుతున్నవాళ్ళు గబగబా ఊదుకు తాగేసి రండి" అనేది. జనం నవ్వుకుంటూ పరిగెత్తేవారు.

నేను మైకు ముందు కూర్చుంటే అలా ఉండేది కాదు. చావు కబురు చెబుతున్నట్టుండేది. అడిగినవాడికి జవాబు చెప్పేవాణ్ణి గానీ మొహం చూసేవాణ్ణి కాదు. పాత ఖాకీ చొక్కాయే వేసుకుని వెళ్ళేవాణ్ణి. తెలిసినవాళ్ళెవరైనా వచ్చి "ఏంటండీ, ఇక్కడ కూర్చున్నారు?" అంటే, "నాలుగు రోజులేనండి, మనుషులు తక్కువై వేశారు" అనేవాణ్ణి. బండి తీసే శబ్దం వినబడితే కాలు దానంతట అదే కుర్చీ కింద క్లచ్ తొక్కేది.

ఇంట్లో పొన్నగంటి కూర మొదలైంది. కళ్ళకి మంచిదని మా ఆవిడకి ఎవరో చెప్పారు. పప్పులో పొన్నగంటి, వేపుడు పొన్నగంటి, ఆఖరికి పచ్చడి కూడా పొన్నగంటే. నోరెత్తకుండా తినేవాణ్ణి. దాంతో చూపు మెరుగవుతుందని నమ్మి కాదు. చూపు బాగానే ఉందని నమ్ముతూ కూడా తినేవాణ్ణి. మనిషి మనసు అంత తికమకగా ఉంటుంది మరి.

ఆ రోజుల్లో నాకొక అలవాటు పట్టుకుంది. నన్ను నేను తిట్టుకోవడం. చిల్లర కింద పడేసినా, టైము తప్పు చెప్పినా, గొణుక్కుంటూ "పనికిమాలినోడా" అనుకునేవాణ్ణి. ఒకరోజు సామర్లకోట బండి ప్లాట్‌ఫారం తప్పు చెప్పాను. జనం అటూ ఇటూ పరిగెత్తారు. నేను మామూలుగా నన్ను నేను గట్టిగానే తిట్టుకున్నాను. మైకు ఆపలేదని ఆవిడ చెయ్యి చాపి ఆపేదాకా నాకు తెలియలేదు.

ఆవిడ జంతిక నములుతూ అంది: "ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోరు కదండీ?"

"అడగండి."

"ఆ కిటికీ అవతల నుంచుని ఎవరైనా మిమ్మల్ని ఇప్పుడు మీరన్న మాట అంటే ఏం చేస్తారండి?"

"ఊరుకుంటానా? బయటకొచ్చి కాలరు పట్టుకుంటాను."

"మరి రోజూ ఎనిమిది గంటలు మీ పక్కనే కూర్చుని అనేవాణ్ణి ఎలా భరిస్తన్నారండి?" అని మళ్ళీ డబ్బా మూత తీసింది. నాకూ ఒక జంతిక ఇచ్చింది.

నాకు నవ్వు రాలేదు ఆ రోజు. ఆవిడకేం తెలుసు, కండక్టరు ఉద్యోగం వేరు, డ్రైవరు ఉద్యోగం వేరు అనుకున్నాను. ఆవిడ నడుం నొప్పికి రాత్రిళ్ళు నిద్ర పట్టదని, తొలి ఏడాది ఆ కౌంటర్లో కూర్చుని తనూ ఏడ్చేదని నాకు చాలా తరవాత తెలిసింది. ఆవిడ తనంతట తను చెప్పలేదు. నేను అడిగాకే చెప్పింది.

అప్పీలు చేసుకోమని సలహా ఇచ్చింది మా యూనియన్ మిత్రుడు. మంచివాడే. నా మొహం చూడలేక అన్నాడు. "కాకినాడ పెద్దాసుపత్రిలో మెడికల్ బోర్డు ముందుకెళ్ళు బావా. అక్షరాలు చదివించి పంపేస్తారు. ఆ మిషను పరీక్ష దాకా రాకుండా నేను మాట్లాడతాను. ఇంకా మూడేళ్ళు హాయిగా నడుపుకోవచ్చు" అన్నాడు. బావా అని పిలిచేంత చనువు మా ఇద్దరికీ. నాకు ఎగిరి గంతేసినట్టయింది. కళ్ళజోళ్ళవాడు బాగుందన్నాడు, బోర్డు బాగుందంటుంది, ఇంకేం కావాలి?

బోర్డుకి పిలిచిన రోజు పొద్దున్నే ఉతికిన ఖాకీ బట్టలేసుకుని బస్టాండుకి వెళ్ళాను. కాలవ రోడ్డు మీదుగా కాకినాడ వెళ్ళే బండి సిద్ధంగా ఉంది. డ్రైవరు నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడే. ఇప్పుడు కుర్రాడు కాదనుకోండి, ఇద్దరు పిల్లల తండ్రి. నన్ను చూసి గబగబా దిగి వచ్చాడు.

"గురువుగారూ, మీరు వెనక్కెళ్ళడం ఏంటండీ? ముందు సీటు ఖాళీ చేయిస్తాను" అని ఎడమ పక్క మొదటి సీట్లో కూర్చోబెట్టాడు. ఎదురుగా పెద్ద అద్దం. రోడ్డు నా ముందే పరుచుకుంది. చాలా రోజుల తరవాత ఊపిరి నిండా పీల్చుకున్నాను.

కడియం నర్సరీలు దాటాం. ద్వారపూడి దాటాం. నేను ప్రయాణికుడిలా కూర్చోలేదు. చూపంతా రోడ్డు మీదే, డ్రైవరు చూసినట్టే. ఎదురుగా వచ్చే లారీని, ముందు పోయే ట్రాక్టరుని, అన్నిటినీ వాడికంటే ముందే పసిగడుతున్నాను. ఏం తగ్గింది నాకు? ఇంకాసేపట్లో బోర్డు ముందు కూడా ఇలాగే కూర్చుంటాను అనుకున్నాను.

అప్పుడు బండి మెల్లగా నెమ్మదించింది. బ్రేకు అదాటున కొట్టలేదు. ముందే చూసుకున్న డ్రైవరు ఆపినట్టు మెత్తగా ఆపాడు. ఎందుకు ఆపాడో నాకు అర్థం కాలేదు. ఎదురుగా రోడ్డు ఖాళీగా ఉంది.

"ఎందుకు ఆపావురా?" అన్నాను.

వాడు నవ్వాడు. "బాతులండి."

ఆ మాట అంటుండగానే బాతులు రోడ్డు మీదికి వచ్చాయి. ఒకటి, పది, వంద. శూన్యంలోంచి పుట్టుకొచ్చినట్టు. కోసిన చేలల్లో మేపడానికి తోలుకొచ్చిన మంద. వాటి వెనకాల పొడుగాటి కర్ర పట్టుకుని ఒక ఆడమనిషి. చంకలో పిల్ల.

"ఎక్కణ్ణించి వచ్చాయిరా ఇవి?" అన్నాను.

వాడు నావైపు చూశాడు. "అదేంటండీ, అల్లంత దూరం నుంచీ మీ పక్క గట్టు మీద వస్తానే ఉన్నాయి కదండీ. మీరు చూశారనే అనుకున్నాను."

నేను తల ఎడమ పక్కకి తిప్పాను. గట్టు ఉంది. గట్టు నిండా ఇంకా బాతులున్నాయి. తెల్లగా, గోధుమరంగుగా, కువకువలాడుతూ బారులు తీరి వస్తున్నాయి. తల తిప్పి మళ్ళీ రోడ్డుకేసి చూశాను. గట్టు లేదు. బాతులు లేవు. నల్లగా అయినా లేదు. అసలక్కడ ఏదో ఉండాలన్న ఊహే లేదు. మళ్ళీ తల తిప్పాను. బాతులున్నాయి. మళ్ళీ ఎదురుగా చూశాను. లేవు.

ఆ ఆడమనిషి ఆఖరి బాతుని అదిలించి రోడ్డు దాటింది. చంకలో పిల్ల బస్సుకేసి చెయ్యి ఊపింది. బండి కదిలింది.

ఆ తరవాత కాకినాడ దాకా నేను అదే పని చేశాను. ఎదురుగా చూడడం, పక్కకి తిరిగి చూడడం. ఒక స్టాపులో బడిపిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు. బస్సు ఎక్కేవాళ్ళు నిలబడేది, దిగేవాళ్ళు దిగేది, సైకిళ్ళు తొక్కుకుంటూ పోయేది, అంతా ఎడమ పక్కే కదా! నేను ఎన్నాళ్ళు ఇలా నడిపానో నాకే తెలియదు. ఎవరికీ ఏమీ కాలేదు. అదంతా నా పనితనం అనుకున్నాను. ఎంతమంది నన్ను చూసి తామే పక్కకి తప్పుకున్నారో, ఎన్నిసార్లు కండక్టరు ఈల వేసి ఆపాడో! నా మచ్చలేని పేరు వెనక వాళ్ళందరూ ఉన్నారు.

భయం వేసింది. ఆ భయం వెనకే, నేను ఎదురు చూడనిది ఇంకోటి వచ్చింది. బరువు దిగినట్టు. ఇన్ని నెలలూ నాకు అన్యాయం జరిగిందని మోసుకు తిరిగాను. ఎవరూ నాకు అన్యాయం చెయ్యలేదు. నేనూ ఏ తప్పూ చెయ్యలేదు. కంటికి జబ్బు చేసింది. అంతే. ఆ 'అంతే' అన్న మాట దగ్గరికి రావడానికి నాకు అన్ని నెలలు పట్టింది.

పెద్దాసుపత్రిలో బోర్డు గదిలో ముగ్గురు డాక్టర్లు. మధ్యలో ఉన్నావిడ వయసులో నాకంటే చిన్నది. బయట వరండాలో జనం కిక్కిరిసి ఉన్నారు. ఆవిడ మొహంలో అలసట కనబడుతోంది. నా కాగితాలు చూసి, గోడకేసి చెయ్యి చూపించి, "చదవండి" అంది.

"చదవగలనండి. కింద వరుస దాకా చదివేస్తాను. కానీ వద్దులెండి" అన్నాను.

ఆవిడ తలెత్తింది. "వద్దంటే?"

"నాకు ఎడమ పక్క కనబడట్లేదండి. పొద్దుట వచ్చేటప్పుడే తెలిసింది. అప్పీలు వెనక్కి తీసుకుంటాను."

పక్కనున్న డాక్టరు కలం కింద పెట్టాడు. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది. "ఈ గదిలోకి వచ్చినవాళ్ళు నాకు కనబడుతోందని వాదిస్తారండి. కనబడట్లేదని మీరే చెబుతున్నారు. పొద్దుట ఏమైంది?" అంది.

బాతుల సంగతి చెప్పాను. నవ్వుతారేమో అనుకున్నాను. ఎవరూ నవ్వలేదు.

"చుక్కలు వేసుకుంటున్నారా?" అని అడిగింది.

"లేదండి."

"ఎందుకని?"

"జబ్బు ఉందని ఒప్పుకుంటేనే కదండీ మందు."

ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. కుర్చీ కొంచెం ముందుకి జరుపుకుని, పక్కింటి అమ్మాయి మాట్లాడినట్టు మాట్లాడింది. "చూడండి, పోయిన చూపు తిరిగి రాదు. అది నేను తేలేను, ఎవరూ తేలేరు. కానీ మీకు ఇంకా చాలా ఉంది. పేపరు చదువుకోవచ్చు, మనవల మొహాలు చూసుకోవచ్చు, మీ పని మీరు చేసుకోవచ్చు. చుక్కలు మానేస్తే అదీ పోతుంది. పోయినదానికోసం నాతో పోట్లాడడం మీరే మానేశారు కాబట్టి, ఉన్నదాని గురించి మాట్లాడుకుందామా?"

"మాట్లాడుకుందామండి" అన్నాను.

తిరుగు ప్రయాణంలో వెనక సీట్లో కూర్చున్నాను. కళ్ళు తుడుచుకున్నాను కూడా. పక్కన కూర్చున్న పెద్దాయన "ఎవరైనా పోయారా బాబూ?" అని అడిగాడు. "ఆయ్, ఒక డ్రైవరండి" అన్నాను. ఆయన పాపం చాలాసేపు నాకోసం బాధపడ్డాడు. సామర్లకోటలో దిగుతూ "కాలం అన్నీ సర్దుతుంది" అని భుజం తట్టి వెళ్ళాడు. ఆయనకి నిజం చెప్పనందుకు ఇప్పటికీ నవ్వొస్తుంది. అయినా ఆయన ఓదార్పు సరైనవాడికే అందింది.

ఇంటికెళ్ళి భోజనానికి కూర్చున్నాక మా ఆవిడకి చెప్పాను. ఎలా తీసుకుంటుందో అని కంగారు పడుతూ, కొంచెం నాన్చుతూ, ఎడమ పక్క కనబడదట అన్నాను.

ఆవిడ అన్నం వడ్డిస్తూనే ఉంది. "తెలుసులెండి" అంది.

"నీకెలా తెలుసు?"

"పోయినేడు ఎన్ని గ్లాసులు తన్నేశారు చెప్పండి? ఎడం పక్క పెడితే చాలు, చెయ్యి తగిలి పడిపోయేది. అందుకే ఎప్పట్నుంచో కుడి పక్కే పెడతన్నాను."

చూశాను. నీళ్ళ గ్లాసు కుడి పక్క ఉంది. ఉప్పు గిన్నె కుడి పక్క. మజ్జిగ కుడి పక్క. అలా ఎన్నాళ్ళుగా ఉంటున్నాయో నేను గమనించనే లేదు.

"మరి చెప్పలేదేం?"

"చెబితే మీరు బాధపడతారని. మీరే చెబుతారులే అని చూస్తన్నాను" అంది. తరవాత పొన్నగంటి కూర ఇంకో గరిటె వేసింది. "ఇది మాత్రం మానేది లేదు" అంది.

ఆ రాత్రి బీరువాలోంచి చుక్కల మందు తీశాను. మూత తియ్యడం నాకు రాకపోతే ఆవిడే తీసి వేసింది. ఇప్పటికీ తనే వేస్తుంది.

మర్నాడు మామూలు చొక్కా వేసుకుని కౌంటరుకి వెళ్ళాను. నా సహోద్యోగి చొక్కా చూసింది, నా మొహం చూసింది.

"బోర్డు ఏమందండి?"

"బోర్డు ఏమీ అనలేదు. నేనే వద్దన్నాను."

"ఆయ్" అంది. "అయితే మీకో మంచి కుర్చీ అడగాలండి. నాలుగు రోజుల్లో పోయే మనిషి కదా అని ఇన్నాళ్ళూ ఆ కుంటి కుర్చీ వేశారు" అంది.

నిజంగానే వెళ్ళి కంట్రోలరుతో దెబ్బలాడి కొత్త కుర్చీ తెచ్చింది. అంతకంటే గొప్ప ఓదార్పు మాట ఈ జన్మలో ఎవరూ చెప్పలేదు నాకు.

ఆ రోజు నుంచి అంతా హాయి అని చెబితే మీరు నమ్మకండి. కొత్త బండి డిపోకి వచ్చినప్పుడు, అందరూ దాని చుట్టూ మూగి స్టీరింగ్ పట్టుకుని చూస్తున్నప్పుడు, నేను టీ నెపంతో బయటికెళ్ళిపోయేవాణ్ణి. ఒకసారి ప్లాట్‌ఫారం మీద నడుస్తుంటే ఎడమ పక్క నుంచి వస్తున్న ఒక వ్యాపారిని గుద్దుకున్నాను. ఆయన చేతిలో కిరాణా సంచులు కింద పడిపోయాయి. "కళ్ళు కనబడవా ఏంటయ్యా?" అని కేకలేశాడు. నా చుట్టూ తెలిసినవాళ్ళు పదిమంది ఉన్నారు. అంతకుముందయితే ఆ మాటకి వారం రోజులు అన్నం సహించేది కాదు. వంగి ఆయన సంచులు ఎత్తిస్తూ, "ఎడమ పక్క కనబడదండి. ఏమీ అనుకోకండి" అన్నాను.

నలుగురిలో ఆ మాట పైకి అనడం అదే మొదలు. ఆకాశం విరిగి పడలేదు. ఆయన గతుక్కుమన్నాడు. తనే నన్ను చెయ్యి పట్టుకుని కౌంటరు దాకా దింపి వెళ్ళాడు. దింపాల్సినంత అవసరం లేదని చెప్పినా వినలేదు. అప్పటి నుంచి రోడ్డు దాటేటప్పుడు, గుడికి వెళ్ళినప్పుడు, కొత్తవాళ్ళతో నడిచేటప్పుడు ముందే చెప్పేస్తాను: "నాకు కుడి పక్క నడవండి." చెప్పడానికి ఎంత చిన్న మాట! దాచడానికి మాత్రం ఎంత శ్రమ పడ్డానో!

కౌంటరు పని కూడా మెల్లగా నా చేతికి వచ్చింది. ఫోన్లో బస్సు ఎక్కడుందో చూసుకునే రోజులివి. అయినా మనిషిని అడిగితే తప్ప తృప్తి పడనివాళ్ళు చాలామంది ఉంటారు. ద్రాక్షారామం గుడికి వెళ్ళే ముసలమ్మకి ఏ బండి అయితే మెట్టు తక్కువ ఎత్తు ఉంటుందో, ఉప్పాడ చీరలకోసం బయలుదేరిన ఆడవాళ్ళు కాకినాడలో ఎక్కడ బండి మారాలో చెప్పేవాణ్ణి. ఎదుటివాళ్ళ మొహాలు చూడడం మొదలుపెట్టాక తెలిసింది, అడిగేవాళ్ళలో సగం మందికి టైము తెలుసు. తెలిసే అడుగుతారు. ఆసుపత్రికి వెళుతున్నవాళ్ళు, తగువుపడి పుట్టింటికి బయలుదేరినవాళ్ళు, పరీక్ష తప్పిన పిల్లలు. వాళ్ళకి కావలసింది కాస్త మెత్తగా పలికే గొంతు. నాతో నేను మెత్తగా మాట్లాడడం కాస్త నేర్చుకున్నాక, వాళ్ళతో అలా మాట్లాడడం పెద్ద కష్టమనిపించలేదు.

మా ఆవిడ పదవీ విరమణ చేసిన కొన్నాళ్ళకి — మా ఆవిడంటే మా ఇంటావిడ కాదు, మా కౌంటరావిడ — ఆవిడ కుర్చీలోకి నేను మారాను. నా కుర్చీలోకి కొత్తాయన వచ్చాడు. నిడదవోలు వైపు డిపోలో డ్రైవరు. షుగరు వల్ల కాలి వేళ్ళు తీసేశారు. ఖాకీ చొక్కా గంజిపెట్టి ఇస్త్రీ చేసి ఉంది.

వచ్చీ రావడంతోనే అన్నాడు: "నా గురించి మీరేం ఇబ్బంది పడకండి. ఈ ఒక్కరోజేనండి. రేపు వెళ్ళి ఉద్యోగానికి రాజీనామా పెట్టేస్తాను."

"అలాగేనండి" అన్నాను.

నాలో చెప్పాల్సిన మాటలు బోలెడు పొంగుకొచ్చాయి. మనసు, ఒప్పుకోవడం, ఉన్నదాన్ని కాపాడుకోవడం. అన్నీ నాలుక చివరి దాకా వచ్చాయి. నా మొదటి రోజున ఎవరైనా అవి చెప్పి ఉంటే నేనేం చేసేవాణ్ణో గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

ఆయన కుర్చీ పక్కకి తిప్పుకుని బళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా అదే పని. అప్పుడు ఒక బండి గరగరలాడుతూ లోపలికి వచ్చింది.

"ఆ శబ్దం ఏంటంటారండి?" అన్నాను.

ఆయన చెవి అటు పెట్టాడు. "క్లచ్ ప్లేటు అరిగిపోయిందండి. వారం తిరగదు" అన్నాడు.

"నేను గేరుబాక్సు అనుకున్నాను."

"కాదండీ!" అని నావైపు తిరిగి, ఎందుకు కాదో చెప్పడం మొదలుపెట్టాడు. చెబుతూ చెబుతూ నేను తీసిచ్చిన అరటికాయ బజ్జీ తిన్నాడు. సాయంత్రం కిటికీ దగ్గరికి ఒక పెద్దావిడ వచ్చింది. పక్కన చేపల బుట్ట, ఖాళీది. కాకినాడ బండి ఎక్కడాగుతుందని అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆయన జవాబు చెప్పాడు. ఆవిడకి అర్థం కాలేదు. ఆయన లేచి, కుంటుకుంటూ బయటికెళ్ళి, ఆవిడ బుట్ట తనే పట్టుకుని, ప్లాట్‌ఫారం దాకా నడిపించాడు. చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు.

"బండి ఇంకా రాలేదండి. ఆవిడొక్కతే ఉంది, వచ్చేదాకా నిలబడ్డాను" అన్నాడు, ఏదో సంజాయిషీ చెబుతున్నట్టు.

"మంచి పని చేశారండి."

ఆయన కుర్చీలో కూర్చుని, కాలు జాగ్రత్తగా ముందుకి చాపుకున్నాడు. మా షిఫ్టు అయిపోవచ్చింది. నేను సంచీ సర్దుకుంటున్నాను.

"ఏవండీ" అన్నాడు.

"చెప్పండి."

"రేపు మనం ఎన్నింటికి రావాలండి?"